వసేమదకీ తనీయెలాకీ మధ్య అలూమిత

వసేమద మా వీధి మలుపు తిరగకముందే ఆమె గొంతు మా వంటింట్లోకి వచ్చేసేది. దారిలో చేపలమ్మే ముసలమ్మను ఉడికించడం, అడ్డం వచ్చిన కోడిని తిట్టడం, చెరుకు లారీ నడిపే కుర్రాణ్ణి "నీ బండి కంటే మా అత్త నడక నయంరా" అని వెక్కిరించడం, ఇవన్నీ అయ్యాకే మా గేటు చప్పుడయ్యేది.

"వదినా! రొట్టెలు కాలాయా? నా కడుపు మిల్లు కూత కంటే ముందే కూస్తోంది!"

నేనేమో నెమ్మది మనిషిని. రొట్టెల్లో వంకాయ కూర పెట్టి చుట్టి ఇస్తే గేటు దగ్గరే సగం తినేసి, మిగతా సగం "ఇది మా ఆయనకి" అంటూ సంచిలో వేసుకునేది. ఆ సగం తన దాకా ఒక్కసారీ రాలేదని వాళ్ళాయన జొసెసె నాతో చాలాసార్లు చెప్పుకున్నాడు.

భారీ మనిషి. గుండ్రటి ఒత్తు జుట్టు, చెవి వెనక ఎర్ర మందారం. పువ్వు లేకుండా కనిపించిందంటే ఆ రోజు ఒంట్లో బాగాలేదన్నమాట. పుట్టింది ఇక్కడ ఫిజీలో మా ఊళ్ళోనే, చక్కెర మిల్లు కూలీల గదుల్లో. వాళ్ళ నాన్న ఎక్కడో దూరపు చిన్న దీవి నుంచి మిల్లు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వసేమద చాలా ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికింది. తర్వాత సర్కారు వాళ్ళు మా ఊళ్ళో స్పెషల్ స్కూలు పెట్టారు. నడవలేని పిల్లలు, చెవి వినపడని పిల్లలు, చూపు ఆనని పిల్లలు, నెమ్మదిగా ఎదిగే పిల్లలు, అందరికీ అదే బడి. ఆయమ్మలు కావాలంటే ఈమె వెళ్ళి నిలబడింది. ఉన్న పని మానేసి ఇది ఎందుకమ్మా అని హెడ్మాస్టరు అడిగితే, "దుప్పట్లకి ఎన్ని జోకులు చెప్పినా నవ్వవు సారూ" అందట. వెంటనే పనిలో పెట్టుకున్నారు.

మా అమ్మాయి సుమింత్రను ఎత్తుకుని వ్యానెక్కించిందీ, దింపిందీ, దాని మూతి తుడిచిందీ, దానికి పాటలు పాడిందీ ఈమే. అలా మాకు వదినామరదళ్ళ వరస కలిసింది.

ఇంత నోరున్న మనిషి ఒక్కరి ముందు మాత్రం మూగదైపోయేది. అతను స్కూలు వ్యాను నడిపే తనీయెలా.

తనీయెలా సన్నటి మనిషి. తల మీద పాత టోపీ ఒకటి, అది తీయగా ఎవరూ చూడలేదు. ఇద్దరి పెద్దవాళ్ళదీ ఆ చిన్న దీవే, ఒకే ఇల్లు. అంటే అన్నదమ్ముల పిల్లలు. ఇక్కడి ఫిజీ వాళ్ళ వరసలు అచ్చం మన తెలుగువాళ్ళ వరసలే. పెదనాన్న, చిన్నాన్న పిల్లలు అన్నాచెల్లెళ్ళు. మేనత్త, మేనమామ పిల్లలు బావామరదళ్ళు. తేడా ఒక్కచోటే. బావామరదళ్ళు ఎంత ఎగతాళైనా చేసుకోవచ్చు, అన్నాచెల్లెళ్ళు మాత్రం పెద్దయ్యాక ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదు, పక్కపక్కన కూర్చుని తినకూడదు. అది గౌరవం. ఇప్పటి పిల్లలు నవ్వుతారు గాని వీళ్ళిద్దరూ పాతకాలం మనుషులు, పట్టుగా ఉండేవారు.

కాని వ్యాను నడపాలి కదా. ఎక్కడ ఆపాలి, ఎప్పుడు కదలాలి, ఎవరికి వాంతి వస్తోంది, ఇవన్నీ చెప్పుకోవాలి కదా. అందుకు వాళ్ళకి కిటియానా ఉండేది. చూపు తక్కువ, మాట ఎక్కువ ఉన్న పిల్ల.

"కిటియానా, ముందున్న పెద్దాయనకి చెప్పమ్మా, మార్కెట్టు దగ్గర పెద్ద గుంత పడిందని."

"పెద్దాయనా, గుంతట! నిన్న కూడా మమ్మల్ని అందులోనే వేశావట!"

"ఆ రెండోది నేను అనలేదే!" అని వసేమద నెత్తి కొట్టుకునేది.

"కిటియానా, వెనకున్న అమ్మగారికి చెప్పు, గుంత చూశానని," అనేవాడు తనీయెలా మెల్లగా.

"అమ్మగారూ, నువ్వు నోరు మూసుకుంటే చూసి నడుపుతాడట!"

పాపం ఇద్దరికీ ఏమనడానికీ వీల్లేదు. అలాగే నడిచిపోయింది చాలాకాలం.

కిందటేడు వానల కాలంలో మా సుమింత్ర ఊపిరి అందక వెళ్ళిపోయింది. దాని గురించి రాయడం నా వల్ల కాదు. వ్యానులో డ్రైవరు వెనక కిటికీ పక్కన బెల్టు సీటు దానిది. ఆ కిటికీ అంచు రబ్బరు మీద అది గోటితో గీకిన గీతలు ఉన్నాయి. వ్యాను మా ఇంటి ముందు నుంచి వెళ్తుంటే నేను పెరట్లోకి పోయేదాన్ని.

ఒకరోజు వసేమద గేటు దగ్గర చప్పుడు లేకుండా నిలబడింది. చెవి వెనక పువ్వు ఉంది, గొంతు లేదు.

"వదినా, ఒక మాట. బళ్ళో ఒక చోటు ఖాళీగా ఉందని సర్కారు వాళ్ళు ఇంకో పిల్లను చేర్చుకోమంటున్నారు. పైన కొండ దారిలో ఒక పిల్ల ఉంది, ఎన్నాళ్ళుగానో చోటు కోసం కాచుకుని ఉంది. నువ్వు సరేనంటేనే."

"నన్నడుగుతావేంటి? సీటు సర్కారుది కదా."

"సీటు సర్కారుదే. కిటికీ మన పిల్లది."

నేను చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకున్నాను. "చేర్చుకోండి," అన్నాను.

"అయితే నువ్వూ రా. ఆ పిల్లకి నడుము నిలవదు, దారంతా ఒకరు పట్టుకోవాలి. నేను పిల్లలందరికీ బెల్టులు చూసుకోవాలి, ఇద్దరి చేతుల పని. ఇంట్లో కూర్చుని ఎవరికోసం వండుతావు? గోడలకా?"

హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచి నేనూ వ్యానెక్కాను.

ఆ పిల్ల పేరు అలూమిత. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. కాళ్ళు పనిచేయవు, మెడ వాలిపోతుంది, మాట లేదు. ఎడమ చెయ్యి ఒక్కటే చెప్పిన మాట వింటుంది. తల్లి ఎక్కడో హోటల్లో పనికి పోయింది, పెంచేది అవ్వ. అవ్వను వాళ్ళు బూ అంటారు. బూ రోజంతా మొగలి ఆకుల చాపలు అల్లుతుంది, పిల్ల ఆ చాప మీదే పడుకుని కప్పు చూస్తుంది. అన్నాళ్ళూ దాని బతుకంతా ఆ చాపే.

బడిలో చోటు దొరకడం ఒక ఎత్తు. దాని పక్కనే ఒక మనిషి ఉండాలి, తినిపించాలి, తిప్పాలి. అందుకని సర్కారు వాళ్ళు బళ్ళో వసేమదను ఆ పిల్లకే ప్రత్యేకంగా కేటాయించారు. కాని ఏడాదికే. ఏడాది చివర రాజధాని సువా నుంచి ఆఫీసరమ్మ వచ్చి, ఈ సాయం వల్ల పిల్లలో ఏమైనా కదలిక ఉందా అని చూస్తుంది. ఉంటే ఇంకా ఇస్తారు. లేకపోతే ఆ సాయం కాచుకుని ఉన్న వేరే పిల్లకి పోతుంది. అది అన్యాయమని అనడానికీ లేదు, ఆ వేరే పిల్లకీ ఒక చాప ఉంటుంది కదా. కాని పక్కన మనిషి లేకపోతే అలూమితను బళ్ళో ఉంచుకోలేరు. బడి లేకపోతే మళ్ళీ చాపే.

"కదలిక ఎందుకుండదు?" అంది వసేమద మొదటి వారం. "నా పక్కన ఉంటే రాయైనా లేచి వేరే చోటికి పోతుంది!"

కాని అలూమిత కదల్లేదు. వసేమద పాడింది, డాన్సు చేసింది, కోతిలా గెంతింది. పిల్ల కిటికీలోంచి చెరుకు తోటలు చూసేది. టీచరమ్మ బొమ్మల కార్డులు చూపిస్తే కళ్ళు మూసుకునేది. నెలలు గడిచిపోతున్నాయి. నేను నడుము పట్టుకుని కూర్చునేదాన్ని. వీపు మెత్తగా, బియ్యం మూటలా నా మీద వాలిపోయేది.

ఈలోగా కిటియానాకి మంచి జరిగింది. పెద్దక్షరాల పుస్తకాలూ, చూసుకునే ఒక టీచరూ ఇచ్చి మిల్లు పక్కన మామూలు బళ్ళోకే మార్చారు. ఆ పిల్ల అందరికీ చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది మాకు, వ్యానులో మాట మోసే మనిషే లేదని.

మిగతా పిల్లల్లో కొందరికి వినపడదు, కొందరు నిద్రపోతారు. నన్ను అడగొచ్చు కదా అంటే, నేను ఆ గోలలో గొంతు పెంచి అరవగల మనిషిని కాను. దాంతో వసేమద వ్యాను కప్పుతో మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఓ ప్రభువా, పెట్రోలు బంకు దగ్గర మెలీని దింపుకోవడానికి వాళ్ళమ్మ నిలబడి ఉందని ఎవరికైనా తడితే ఎంత బాగుండు!"

ప్రభువు విన్నాడో లేదో గాని తనీయెలా వినలేదు. వ్యాను సాగిపోయింది. మెలీ వాళ్ళమ్మ గొడుగు ఊపుకుంటూ వెనకాల పరుగెత్తింది. ఇలా రోజూ ఎవరో ఒకరు పరుగెత్తడమే.

ఒకరోజు మళ్ళీ అదే బంకు దాటిపోబోతున్నాం. వసేమద కప్పు వైపు నోరు తెరిచింది. అప్పుడు టప్పుమని చప్పుడు. అలూమిత ఎడమ చెయ్యి డ్రైవరు సీటు వీపు మీద పడింది.

తనీయెలా ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. అందరం ముందుకు తూలాం. మెలీ వాళ్ళమ్మ తలుపు ముందే ఉంది.

"ఎవరు కొట్టారు?" అంది వసేమద.

నేను అలూమితను చూపించాను. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది, తనకేమీ తెలియనట్టు.

ఆ తర్వాత ఆగిందా! వ్యాను ఆగాలంటే ఒక దెబ్బ. కదలాలంటే సీటు మీద అరచేత్తో రుద్దడం. వసేమద అంటే చెవి తాకడం, పువ్వు ఉంటుంది కదా. తనీయెలా అంటే నెత్తి మీద చెయ్యి, టోపీ. నేనంటే నడుము పట్టుకోవడం. వాంతి అంటే ఏం చేసేదో చెప్పను, భోజనాల వేళ చదివేవాళ్ళుంటారు. "ముందున్న పెద్దాయనకి చెప్పమ్మా" అని వసేమద అనగానే పిల్ల వీపు నా చేతుల్లో బిగిసేది. ముందు అద్దంలో తనీయెలా కళ్ళు దొరికేదాకా చెయ్యి ఎత్తే ఉంచేది. బళ్ళో మాత్రం మళ్ళీ మామూలే. కార్డులు చూపిస్తే కళ్ళు మూసుకునేది. వ్యానులో చేసేది ఆటనుకున్నాం, చదువు అనుకోలేదు. ఆఫీసరమ్మకి చూపించాల్సింది కార్డులే అనుకున్నాం.

ఆఫీసరమ్మ వచ్చే ముందు వారం పెద్ద వాన పట్టుకుంది. అలూమితను దింపేసరికి బూ ఇంటి ముందు వాగు పొంగింది. తగ్గేదాకా ఆగాలి. బూ అందరినీ లోపలికి రమ్మంది. తనీయెలా వ్యానులోనే ఉంటానన్నాడు.

"తడిసిన కోడిలా అక్కడెందుకురా? రా లోపలికి! నిమ్మాకు టీ కాగుతోంది," అని బూ కేకేసింది.

అతను వచ్చి గుమ్మం దగ్గర గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వసేమద ఇటు గోడ వైపు తిరిగింది. బూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏంటే ఇది? సంబంధం చెడినవాళ్ళలా చెరో గోడా చూస్తున్నారు?"

"అన్నాచెల్లెళ్ళం బూ," అంది వసేమద గోడతో. "ఒకే ఇంటి వాళ్ళం."

"ఏ ఇల్లు?"

చెప్పింది. బూ చేతిలో మొగలి ఆకు కింద పెట్టింది. "అది మా దీవే. నేను అక్కడి నుంచే కోడలిగా వచ్చాను. నీ నాన్నెవరు?"

"ఇసికెలి."

"నీ నాన్నెవర్రా?"

"సెమి," అన్నాడు తనీయెలా. "నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ కూడా. చర్చి హాస్టల్లో పెరిగాను. నువ్వు ఫలానా ఇంటివాడివని ఎవరో చెప్పారు, అంతే."

బూ నోట్లో పళ్ళు తక్కువ. ఉన్నవన్నీ కనపడేలా నవ్వింది. "సెమి ఆ ఇంటి కొడుకేంట్రా! అవతలి దీవి నుంచి వచ్చిన ఇల్లరికపు అల్లుడు వాడు. ఇసికెలి చెల్లెలు అనసేనిని చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆ పెళ్ళికి చేమదుంపలు చెక్కింది ఎవరనుకున్నావు? నేనే! వేళ్ళు దురద పుట్టి చచ్చాను!"

అంటే తనీయెలా వసేమదకి మేనత్త కొడుకు. అన్న కాదు, బావ.

తనీయెలా మెల్లగా ఇటు తిరిగాడు. టోపీ తీశాడు. మొదటిసారి ఆమె ముఖం వైపు తిన్నగా చూశాడు.

"నువ్వెక్కినప్పుడల్లా నా వ్యాను వెనక టైరు ఏడుస్తుంది," అన్నాడు. "చెప్పే దారి లేక ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నాను."

వసేమద కళ్ళు పెద్దవయ్యాయి. ఊపిరి పీల్చుకుంది.

"ఆ టోపీ కింద ఏముందో చూడాలని నాకు ఎన్నేళ్ళ కోరికో! ఇప్పుడు చూశాను. జుట్టూ లేదు, మెదడూ లేదు. అయ్యో బావా, నువ్వు బావవని ముందే తెలిస్తే ఆ గురకపెట్టే మనిషిని కట్టుకునేదాన్నా?"

"ఆ దేవుడు నిన్ను జొసెసె నెత్తిన పెట్టి నన్ను కాపాడాడు!"

బూ నవ్వీ నవ్వీ దగ్గింది. నేను కూడా నవ్వాను. చాలా కాలం తర్వాత నా నవ్వు నాకే కొత్తగా వినపడింది.

ఇక వ్యానులో చూడాలి! తెల్లారి ఎక్కింది మొదలు దిగేదాకా ఒకటే తిట్లు, ఒకటే నవ్వులు. ఆపు బావా, అక్కడ కాదు బావా, నీ కళ్ళేమైనా ఇంట్లో మరిచిపోయావా బావా. ఏం మరదలా, ఈ రోజు రొట్టెలు ఎన్ని లాగించావు. పిల్లలు కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు.

అలూమిత చెయ్యి ఒళ్ళోకి వెళ్ళిపోయింది. వీపు మళ్ళీ మెత్తబడింది. మెడ వాలిపోయింది. బడిలోనే కాదు, వ్యానులో కూడా కళ్ళు మూసుకుంటోంది.

"జ్వరమేమో," అంది వసేమద నుదురు తాకి. జ్వరం లేదు. "కడుపునొప్పేమో." అదీ కాదు. ఎవరికీ అంతుపట్టలేదు.

ఆఫీసరమ్మ వచ్చింది. ఊర్మిళావతి మేడమ్. సువా నుంచి విమానంలో, దిగాక బస్సులో వచ్చి కాళ్ళు వాచిపోయిన మనిషి. కసిరే రకం కాదు. చాలాసేపు అలూమిత ముందు కూర్చుని కప్పు బొమ్మ, బంతి బొమ్మ, కుక్క బొమ్మ చూపించింది. పేరు పెట్టి పిలిచింది. పాట పాడింది. పిల్ల కళ్ళు తెరవలేదు. వసేమద తలుపు పక్కన నిలబడి తన చెవి వెనక పువ్వు నలిపేసుకుంది.

"పిల్లలందరూ ఒకేలా ఉండరు," అంది మేడమ్ లేస్తూ. ఆ మాటలో ఓదార్పు ఉంది, ఆశ లేదు. "ఇల్లు కూడా చూడాలి. మీ వ్యానులోనే వస్తాను."

మేడమ్ మా పక్క సీట్లో కూర్చుంది. ఎవరికీ మాట్లాడాలని లేదు. ఆ సంగతి తనీయెలాకు అర్థం కాలేదో, అర్థమయ్యే నవ్వించాలనుకున్నాడో గాని, అద్దంలో చూసి అన్నాడు:

"ఏం మరదలా, ముఖం ఉడకని చేమదుంపలా పెట్టావు?"

వసేమద భగ్గుమంది. "నోరు ముయ్యి! నువ్వు నోరు తెరిచిన రోజు నుంచే ఈ పిల్ల ఇలా అయిపోయింది! నీ మాట తగిలింది దీనికి!"

"నా మాటా? రోజంతా డప్పులా మోగేది నువ్వా నేనా?"

"ఇంక నీతో మాట్లాడితే ఒట్టు!"

"అంతకంటేనా!"

తనీయెలా టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. వసేమద కిటికీ వైపు తిరిగి ముక్కు చీదింది. కోపంలో ఇద్దరికీ పెట్రోలు బంకు గుర్తులేదు.

నా చేతుల్లో ఆ వీపు బిగిసింది. ముందు చిన్నగా, తర్వాత కర్రలా.

టప్!

వ్యాను ఆగింది. మెలీ వాళ్ళమ్మ గొడుగు ముడిచి తలుపు తీసింది.

"అమ్మో నా తల్లీ..." అని వసేమద పిల్ల మీదికి వంగి అరవబోయింది. అలూమిత చెయ్యి సీటు మీది నుంచి గాల్లోకి లేచి, అటూ ఇటూ ఊగి, వచ్చి వసేమద నోటి మీద పడింది. అక్కడే ఉండిపోయింది. కళ్ళు మాత్రం అద్దంలో తనీయెలాను వెతుకుతున్నాయి.

అప్పుడు మాకు తెలిసింది, ఆ పిల్లకి ఏ జ్వరమూ లేదని. దాని పని మేము లాక్కున్నాం.

వసేమద ఆ చెయ్యి మెల్లగా తీసి ముద్దు పెట్టుకుంది. గొంతు సవరించుకుని, పాతకాలపు మర్యాదంతా తెచ్చుకుని అంది:

"అలూమితా, ముందున్న పెద్దాయనకి చెప్పమ్మా, ఆయన మూర్ఖుడని."

అలూమిత నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మోచెయ్యి కోడి రెక్కలా తపతపలాడించింది. అది కొత్త గుర్తు, మాకెవరికీ తెలియనిది. తెలియాల్సిన పనే లేదు, తెలిసిపోయింది.

తనీయెలా అద్దంలో చూసి, ఎంతో వినయంగా, "వెనకున్న అమ్మగారికి చెప్పమ్మా, మూర్ఖుణ్ణి కాబట్టే ఇన్నేళ్ళూ ఆమె బరువు మోస్తున్నానని," అన్నాడు.

పిల్ల చెవి తాకింది. తర్వాత చేతిని ఎంత దూరం సాగుతుందో అంత దూరం సాచి, గుండ్రంగా తిప్పింది. పెదవి పక్కన నవ్వు.

మేడమ్ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి ముందుకు వంగింది.

"ఇది ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు మేడమ్," అంది వసేమద. "మేమిద్దరం మాట్లాడుకోకూడదు. అందుకని మధ్యలో ఈ పిల్ల..."

"ఓహో, అన్నాచెల్లెళ్ళా?"

"కాదు మేడమ్. బావామరదళ్ళం."

"బావామరదళ్ళు మాట్లాడుకోవచ్చు కదా?"

వసేమద అలూమిత వైపు చూసింది. అలూమిత చెయ్యి ఆమె నోటి దగ్గరే సిద్ధంగా ఉంది.

"అన్నాచెల్లెళ్ళం అయిపోయాం మేడమ్," అంది. "ఇప్పుడే."

కొండ దారి ఎక్కేచోట అనాసపళ్ళు కుప్పలు పోసి అమ్ముతారు. మేడమ్ ఆ కుప్పలు చూసి, "ఒక్క నిమిషం ఆప..." అని నోరు తెరిచింది. అలూమిత తల తిప్పి ఆమె వైపు చూసింది. మేడమ్ నోరు మూసుకుంది. కాస్త ఆలోచించి, తన వేళ్ళన్నీ నెత్తి మీద ఆకుల్లా నిలబెట్టింది. అంత పెద్ద ఆఫీసరమ్మ.

పిల్ల ఆ వేళ్ళను చూసింది. బయట కుప్పల్ని చూసింది. మళ్ళీ వేళ్ళను చూసింది.

టప్!

బూ ఇంటి దగ్గర అందరం అనాసపళ్ళు తిన్నాం, మోచేతుల దాకా రసం కారింది. బూ ఆఫీసరమ్మను కూడా నీది ఏ ఊరు, ఎవరి పిల్లవి అని ఆరా తీసింది. మేడమ్ లేచేటప్పుడు అంది:

"కార్డుల ముందు ఏం చూశానో అది రాస్తాను. వ్యానులో ఏం చూశానో అదీ రాస్తాను. వచ్చే ఏడాది కూడా ఈ పిల్ల పక్కన మనిషి ఉంటుంది. అది చెప్పే అధికారం నాకుంది." తర్వాత వసేమదతో, "చేతి గుర్తులు నేర్పే టీచరును నెలకోసారి పంపమని అడుగుతాను. ఈ పిల్లకు నేర్పడానికా, ఈ పిల్ల దగ్గర నేర్చుకోవడానికా, అది ఆవిడే తేల్చుకుంటుంది," అంది.

వసేమద ఆమెను కౌగిలించుకుంది. మేడమ్ కళ్ళజోడు వంకరపోయింది.

ఇప్పుడు మీరు శనివారం మా మార్కెట్టుకి వస్తే, వాళ్ళిద్దరూ వీధికి ఆ చివరొకరు, ఈ చివరొకరు నిలబడి ఒకరినొకరు దులపడం వినొచ్చు. జొసెసె కూడా మధ్యలో దూరి తనీయెలా పక్షాన నాలుగు వేస్తాడు. కాని సోమవారం వ్యాను తలుపు మూశారంటే చాలు, తనీయెలా టోపీ సర్దుకుంటాడు, వసేమద తల దించుకుంటుంది, ఎక్కడలేని గౌరవమూ వచ్చేస్తుంది.

మొన్న పొద్దున అలూమిత కిటికీ అంచున వేలు పెట్టింది. ఆ గీతల మీద. తర్వాత నడుము పట్టుకుంది, అంటే నన్ను. మళ్ళీ గీతలు.

వసేమద చటుక్కున నా ముఖం చూసింది.

"మా సుమింత్రవి," అన్నాను. "అదీ ఇక్కడే కూర్చునేది."

పిల్ల ఆ గీతల పక్కనే గోటితో ఇంకో గీత గీసింది. వంకరగా వచ్చింది. తర్వాత చెవి తాకి, చేత్తో పొట్ట చూపించి, నా సంచి వైపు వేలు చాచింది.

"ఏమంటోంది?" అన్నాను.

"నేను అడగమన్నట్టు చెబుతోంది గాని నేనేమీ అడగమనలేదు వదినా, ఒట్టు," అంది వసేమద. "కాని అడిగింది కాబట్టి, రొట్టెలు ఉన్నాయా?"